ఆ నిమిషానికి అది నిజమే

ఫిబ్రవరి 13, సోమవారం

లెక్కల నోట్‌బుక్ వెనక పేజీల నుంచి మొదలుపెడుతున్నాను. మా ఇంట్లో లెక్కల పుస్తకం తెరిచే ధైర్యం ఎవరికీ లేదు. అమ్మ దుమ్ము దులపడానికి కూడా దాన్ని ముట్టుకోదు.

నిన్న సాక్ష్యం చెప్పాను. అందుకే రాస్తున్నాను.

శనివారం పగలు ఉపవాస కూడికలో వేదిక ముందు ఇనప బకెట్టు పెట్టారు. మిమ్మల్ని కట్టిపడేసింది ఏదైనా ఉంటే తెచ్చి ఇందులో వేయండి, మళ్ళీ వెనక్కి తిరిగి చూడకండి అన్నారు పాస్టర్ గారు. ఒకబ్బాయి సిగరెట్ పెట్టె వేశాడు. ఒకమ్మాయి ఎవడో ఇచ్చిన గొలుసు వేసింది. సిస్టర్ తోమాసా తను సీరియళ్ళు చూసే టీవీ రిమోట్ తెచ్చి వేసింది. టీవీ మాత్రం ఇంట్లో భద్రంగా ఉంది. ఆమె కూతురు నొయేలియా కూడా గుప్పిట్లో ఏదో చిన్న పొట్లం తెచ్చి వేసి, తల వంచుకుని వెళ్ళి కూర్చుంది. పద్నాలుగేళ్ళ పిల్లకి బంధకాలేమిటా అనుకున్నాను.

నేను నా వేప్, అదే కరెంటు సిగరెట్టు, వేశాను. అందరూ స్తోత్రం స్తోత్రం అని అరిచారు. పాస్టర్ గారు కిరసనాయిలు పోసి అగ్గిపుల్ల గీయబోతుంటే నాన్న పరుగెత్తుకొచ్చి పటకారుతో దాన్ని బయటికి లాగాడు. "ఇందులో బ్యాటరీ ఉంటుంది పాస్టర్ గారూ, పేలుద్ది!" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఏడుస్తున్నాను. చాలాసేపు ఏడ్చాను, ఒళ్ళంతా తేలికైపోయింది. అది నాటకం కాదు.

నిన్న ఆరాధనలో పాస్టర్ గారు నా పేరు పిలిచారు. అక్టోబరులో పాస్టరమ్మ గారు స్కూలు గోడ పక్కన నన్ను వేప్‌తో పట్టుకున్నప్పటి నుంచి నేను శిక్షలో ఉన్నాను. పాటల బృందంలోంచి తీసేశారు. నాలుగు నెలలు వెనక బల్ల మీద ఒక్కదాన్నే కూర్చున్నాను. పక్కన కూర్చుంటే అంటుకుంటుందన్నట్టు చిన్నపిల్లలు కూడా దూరంగా వెళ్ళేవాళ్ళు. నిన్న వేదిక ఎక్కించి మైకు ఇచ్చారు. "బకెట్లో వేసిన నిమిషం నుంచి నాకు దాని మీద ఆశే లేదు. దేవుడు వేళ్ళతో సహా పీకేశాడు" అన్నాను. హాలంతా లేచి నిలబడింది.

నాన్న ముందు వరసలో కళ్ళు తుడుచుకుంటున్నాడు. నాన్న సంఘ పరిచారకుడు, డీకన్ అబ్దియాస్ అంటే మా సంఘంలో చాలా పేరు. తాగి తూలుతూ ఒకనాడు గుడిలోకి వచ్చి, ఒక్క రాత్రిలో మారిపోయి, మళ్ళీ చుక్క ముట్టని మనిషి. ఆయన సాక్ష్యం విని తాగుడు మానినవాళ్ళు మా ఊరు షేలాలో ఇరవై మందైనా ఉంటారు. "కెయిలా తండ్రికి తగ్గ కూతురు" అన్నారు అందరూ నా తల మీద చెయ్యి పెట్టి.

ఆశే లేదు అన్నాను. ఆ నిమిషానికి అది నిజమే.

ఫిబ్రవరి 16, గురువారం

కొన్నాను.

ఫిబ్రవరి 17, శుక్రవారం

ఒక సంగతి స్పష్టంగా రాసుకోవాలి. ఇది వ్యసనం కాదు. వ్యసనం అంటే అది లేకుండా ఉండలేకపోవడం. నేను నాలుగు రోజులు ఉన్నాను కదా.

క్లాసులో టీచరు పేరు పిలిస్తే గొంతు పెగలదు. చేతులు చల్లబడిపోతాయి. ఊపిరి సగం దాకా వెళ్ళి ఆగిపోతుంది. అది పీలిస్తే పది నిమిషాలు మనిషినవుతాను. దీన్ని మందు అనాలి గాని పాపం అనకూడదు. పాపం అంటే సరదా కోసం చేసేది. నాకు సరదాగా ఏమీ లేదు.

ఇది అయిపోయాక ఇంకొకటి కొనను. ఇక్కడ రాస్తున్నాను కాబట్టి ఇది ఒట్టు.

ఫిబ్రవరి 26, ఆదివారం

పక్క ఊరు సాల్కాహా సంఘంలో సాక్ష్యం చెప్పించారు. మినీబస్సు మాట్లాడి పద్దెనిమిది మందిమి వెళ్ళాం. ఈసారి "కడుపులోంచి నల్లగా ఏదో బయటికి పోయినట్టయింది" అని కూడా అన్నాను. ఆ మాట ఎక్కడి నుంచి ఊడిపడిందో నాకే తెలియదు. అన్నిటికన్నా ఎక్కువ స్తోత్రాలు దానికే వచ్చాయి.

తిరిగి వచ్చేటప్పుడు నొయేలియా నా పక్కన కూర్చుంది.

"అక్కా, నీకు ఒక్కసారిగానే పోయిందా? మధ్యలో ఒక్క రోజు కూడా కావాలనిపించలేదా?"

"లేదే."

"ఒక్క రోజు కూడా?"

"ఒకసారి చెప్తే అర్థం కాదా నీకు?" అని కసిరాను.

"ఊరికే అడిగానక్కా" అంది. ఇంటికి చేరేదాకా కిటికీ చువ్వ పట్టుకుని కూర్చుంది. పాపం ఎందుకు కసిరానో.

మార్చి 5, ఆదివారం

ఇవాళ నెల మొదటి ఆదివారం, ప్రభు బల్ల.

అయోగ్యంగా తిన్నవాడు తన శిక్షని తానే తింటున్నాడని పాస్టర్ గారు ప్రతి నెలా చెప్తారు. మా సంఘంలో ఒకాయన పాపం దాచిపెట్టుకుని రొట్టె తిని వారం తిరక్కుండా పక్షవాతంతో పడిపోయాడట. ఆయన పేరు ఎవరూ చెప్పలేరు గాని కథ మాత్రం అందరికీ వచ్చు. తినకుండా పళ్ళెం పక్కకి పంపితే పక్కవాళ్ళు చూస్తారు, వాళ్ళ పక్కవాళ్ళకి చెప్తారు. ముందు నుయ్యి వెనక గొయ్యి.

నాన్నే పళ్ళెం పట్టుకుని నా వరసకి వచ్చాడు. నన్ను చూసి నవ్వాడు. తీసుకున్నాను. తిన్నాను.

మార్చి 6, సోమవారం

చావలేదు.

పొద్దున్నుంచి కుడి చెయ్యి తిమ్మిరిగా ఉంది. పక్షవాతం ఇలాగే మొదలవుతుందా? రాయగలుగుతున్నాను కాబట్టి కాదు. స్కూలు మరుగుదొడ్లో రెండుసార్లు పీల్చాను. మూడు. రాసేటప్పుడైనా అబద్ధం ఎందుకు, మూడు.

మార్చి 12, ఆదివారం

నన్ను మళ్ళీ పాటల బృందంలోకి తీసుకున్నారు. ప్రాక్టీసు అయ్యాక గేటు దగ్గర నొయేలియా నా కోసం కాచుకుని ఉంది.

"ఆ రోజు నేనూ వేశాను కదా అక్కా, బకెట్లో."

"ఏం వేశావే?"

"మాత్రలు."

నిరుడు ఈ పిల్ల స్కూలుకి వెళ్ళే బస్సులో ఊపిరాడక చచ్చిపోతున్నానని కేకలు పెట్టి పడిపోయింది. ఒకసారి కాదు, మూడుసార్లు. ఆ తర్వాత గడప దాటనంది. ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మ మాత్రలిచ్చింది, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, నాకు చెప్పకుండా ఆపొద్దు అని. మూడు నెలల్లో మామూలుగా స్కూలుకి వెళ్ళడం మొదలుపెట్టింది. ఇదంతా వీధంతటికీ తెలుసు.

"డాక్టరమ్మ ఆపొద్దంది కదే?"

"నీకు డాక్టరు అవసరమైందా?" అంది.

గేటు గడియ తీసి మళ్ళీ వేశాను.

"మాత్ర మింగుతున్నానంటే దేవుడి మీద నమ్మకం లేనట్టే కదక్కా. నీకు పోయినట్టు నాకూ ఒక్కసారిగా పోవాలి. నువ్వు చెప్పింది రోజూ తలుచుకుంటున్నాను."

"మరి పోయిందా భయం?"

"పోతుంది. ఇంకా కొంచెం ఉంది. నా విశ్వాసం చాలట్లేదు, అంతే. మా అమ్మకి చెప్పకు, వేసుకుంటున్నాననే అనుకుంటోంది."

అక్కడే చెప్పేసి ఉండాల్సింది. నోరు తెరిచాను కూడా. "నీ కోసం ప్రార్థన చేస్తాను" అన్నాను.

మార్చి 13, సోమవారం

నొయేలియా బాగానే ఉంది. నిన్న నవ్వింది కూడా.

మార్చి 15, బుధవారం

ప్రార్థన చేస్తానన్నాను, చేయలేదు. దేవుడి ముందు కూర్చుంటే ఆయన మొదట అడిగేది నా సంగతే.

మార్చి 21, మంగళవారం

వరసగా రాస్తాను.

రెండో వేప్ కూడా అయిపోయింది. ఫోన్ కవర్లమ్మే కొట్లో వెనకాల అమ్ముతారు, లా దెమొక్రాసియా సంత అవతల. ఆ వైపు మా సంఘం వాళ్ళు రారు. స్కూలు కాగానే వెళ్ళి కొనుక్కుని బయటికి వచ్చాను. ఎదురుగా రేకు తలుపు ఇల్లు, పైన నీలం అక్షరాల బోర్డు. తాగుడు మానాలనుకునేవాళ్ళు కూడుకునే చోటు అది. మా సంఘంలో ఆ గుంపు పేరెత్తితే పెదవి విరుస్తారు. అక్కడ ఇరవై ఏళ్ళ క్రితం మానేసినవాడు కూడా లేచి నేను తాగుబోతునని చెప్పుకోవాలట, దేవుడు కొత్త మనిషిగా చేశాక ఆ మాట అనడం అవిశ్వాసం అంటారు పాస్టర్ గారు.

ఆ తలుపు తెరుచుకుని పదిమంది బయటికి వచ్చారు. వాళ్ళలో నాన్న ఉన్నాడు. ఒక ముసలాయన భుజం మీద చెయ్యి వేసి ఏదో చెప్తూ నవ్వుతున్నాడు. ఇంట్లో నాన్న అలా నవ్వగా నేను చూడలేదు.

మంగళవారం మంగళవారం నాన్న ఆస్పత్రిలో రోగుల కోసం ప్రార్థన చేయడానికి వెళ్తాడు. అలాగని సంఘమంతటికీ తెలుసు.

నన్ను చూశాడు. తేలు కుట్టిన దొంగల్లా ఇద్దరం నిలబడిపోయాం.

"ఇక్కడేం చేస్తున్నావే?"

"ఫోన్‌కి కవరు కొందామని."

"కవరు ఉందిగా నీకు."

"నువ్వు ఆస్పత్రికి కదా నాన్నా వెళ్ళింది?"

వెనక్కి తిరిగి ఆ బోర్డు చూశాడు. "ఇదీ ఆస్పత్రే" అన్నాడు.

మూల మీద వేడి మొక్కజొన్న జావ, ఆతోల్, అమ్ముతున్నామె దగ్గర రెండు గ్లాసులు తీసుకున్నాడు. అమ్మ రోజూ కాసి అమ్మేది అదే. ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"పదకొండేళ్ళు."

"మరి ఒక్క రాత్రిలో అంటావు కదా!"

"ఆ రాత్రి దేవుడు నన్ను ముట్టుకున్నాడే. అది అబద్ధం కాదు. కానీ వారం తిరక్కుండా మళ్ళీ తాగాను. ఆ ఏడాది ఐదుసార్లు పడ్డాను. అప్పటికే నా సాక్ష్యం మూడు ఊళ్ళలో చెప్పించేశారు. ఎలా వెనక్కి తీసుకోను?"

"అమ్మకి?"

"ఐదోసారి చెయ్యి పట్టుకుని నన్ను ఇక్కడికి లాక్కొచ్చింది మీ అమ్మే."

"పాస్టర్ గారికి?"

తల అడ్డంగా ఊపాడు. "చెప్పకు తల్లీ. డీకన్ పని పోతే పోనీ. నన్ను చూసి మానేసినవాళ్ళున్నారు. వాళ్ళ కాళ్ళ కింద నేల తీసేసినట్టవుతుంది."

గ్లాసులు తిరిగిచ్చాం. నా సంచి వైపు చూశాడు.

"కొన్నావా కవరు?"

"కొన్నాను."

చూపించమనలేదు.

మార్చి 22, బుధవారం

ఐదుసార్లు!

నాకు చెప్పొచ్చుగా. వెనక బల్ల మీద నాలుగు నెలలు కూర్చున్నప్పుడు, నేనొక్కదాన్నే కుళ్ళిపోయానని, అందుకే నాకు పోవట్లేదని ఏడ్చినప్పుడు, "నేనూ ఐదుసార్లు పడ్డానే" అని ఒక్క మాట నా చెవిలో చెప్పొచ్చుగా. అద్దాలు కోసే మనిషి, చెయ్యి ఇంత కూడా వణకదు, అంత స్థిరంగా అబద్ధం చెప్పాడు నాకు. కోపం వస్తోంది. అంత కోపంలోనూ ఆయన్ని చూస్తే జాలేస్తోంది, అది ఇంకా మంటగా ఉంది.

నేను నొయేలియాకి చేసిందీ అదే కదా అనుకుంటున్నాను.

అది వేరు.

మార్చి 29, బుధవారం

అది వేరు కాదు.

సిస్టర్ తోమాసా పొద్దున్నే అమ్మ ఆతోల్ బండి దగ్గరికి వచ్చి ఏడ్చింది. నొయేలియా వారం నుంచి నిద్రపోవట్లేదట. సోమవారం మినీబస్సులో కడ్డీ పట్టుకుని వదల్లేదట, డ్రైవరూ ఇంకో ఇద్దరూ కలిసి వేళ్ళు ఒక్కొక్కటే విడదీశారట. దేవుడు నన్ను వదిలేశాడు, నా ప్రార్థన పైకప్పు దాటి వెళ్ళట్లేదు అని అదే మాట గొణుగుతోందట.

"డాక్టరమ్మకి చూపించొచ్చుగా" అంది అమ్మ.

"మాత్రలు వేసుకుంటుండగానే ఇలా ఉందంటే ఇది జబ్బు కాదు సిస్టర్. ఇది వేరే. పాస్టర్ గారు కూడా అదే అన్నారు. ఆదివారం దయ్యం వదిలేలా విడుదల ప్రార్థన చేస్తారట. అందాకా మంచినీళ్ళు తప్ప ఏమీ పెట్టొద్దన్నారు."

నేను గ్లాసులు కడుగుతున్నాను. ఒకటి జారి పగిలింది. అమ్మ నా మొహం చూసింది.

మాత్రలు వేసుకోవట్లేదని ఈ భూమ్మీద తెలిసినవాళ్ళు ఇద్దరే, అది, నేను. ఆ మాట తోమాసా చెవిన వేస్తే చాలు. కానీ ఎందుకు మానేసిందంటే ఏం చెప్పాలి? కెయిలా సాక్ష్యం విని. మరి కెయిలాకి నిజంగా పోయిందా? ఆ తర్వాత మరి వాళ్ళ నాన్నకి?

సాయంత్రం వెళ్ళి చెప్తాను.

మార్చి 30, గురువారం

సాయంత్రం వాన. రేపు చెప్తాను.

మార్చి 31, శుక్రవారం

ముందు నాన్నకి చెప్పి వెళ్ళడం న్యాయం. నాన్న అద్దాలు బిగించడానికి ఊరవతలికి వెళ్ళాడు. రేపు.

లెక్కపెట్టడం మానేశాను, ఎన్నిసార్లు పీల్చానో.

ఏప్రిల్ 1, శనివారం

వెళ్ళాను.

తోమాసా నన్ను చూడగానే చేతులు పట్టుకుంది. "దేవుడే పంపించాడమ్మా నిన్ను. నీ సాక్ష్యం చెప్పు దానికి, బలం వస్తుంది" అని గదిలోకి తోసి వంటింట్లోకి వెళ్ళింది.

మిట్టమధ్యాహ్నం, కిటికీకి దుప్పటి కట్టి ఉంది. నొయేలియా గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. పెదవులు పగిలిపోయాయి. నాలుగు రోజులుగా ఏమీ తినలేదు. నన్ను చూసి లేవబోయి లేవలేకపోయింది.

"నాకు పోలేదే" అన్నాను. ఇంకెలా మొదలుపెట్టాలో తెలియలేదు. "నాది పోలేదు. నాలుగు రోజులకే మళ్ళీ కొన్నాను. నీకు చెప్పిందంతా అబద్ధం. మాత్రలు వేసుకో."

మెల్లగా గోడ వెంట పక్కకి జరిగింది.

"నువ్వు అక్కవి కాదు. నిన్ను సాతాను పంపించాడు."

"నన్నెవరూ పంపలేదే, సైకిల్ మీద వచ్చాను."

"రేపే నా విడుదల. ఇవాళ వచ్చి మాత్రలు వేసుకో అంటున్నావంటే నన్ను పడగొట్టడానికే. అక్క వేదిక మీద అబద్ధం చెప్పదు. నేను చూశాను, ఏడ్చింది."

ఒట్టు వేశాను. అమ్మ మీద, నాన్న మీద. చెవులు మూసుకుని పాట అందుకుంది. నేను ఎంత నిజం చెప్తే అంత సాతాను కింద లెక్క. ఊపిరి అందట్లేదు నాకు. చేతులు చల్లబడిపోయాయి. ఆ పిల్ల కళ్ళ కింద ఎముకలు కనిపిస్తున్నాయి, రేపు నలుగురు పట్టుకుని దాని మీద అరుస్తారు.

సంచిలోంచి వేప్ తీశాను. దాని ఎదురుగా కూర్చుని పీల్చాను. గది నిండా మామిడిపండు వాసన.

పాట ఆగిపోయింది.

మళ్ళీ పీల్చాను. అది నా చేతి వైపే చూస్తోంది.

"ఇది ఎన్నోది?" అంది చివరికి.

"బకెట్టు తర్వాత మూడోది."

"ఒక్క రోజు కూడా అనిపించలేదన్నావు."

"అనిపించని రోజు ఒక్కటి కూడా లేదు."

"మరెందుకలా చెప్పావక్కా?"

"అందరూ లేచి నిలబడ్డారే. నాలుగు నెలల తర్వాత నన్ను చూసి అందరూ లేచి నిలబడ్డారు."

మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. "అయితే దేవుడు వదిలేసింది నన్నొక్కదాన్నే కాదన్నమాట" అంది.

"వదిలేశాడో లేదో నాకు తెలియదే. నిజంగా తెలియదు. కానీ నువ్వొక్కదానివే కాదు."

అప్పుడు ఏడ్చింది. ఇంతలో తలుపు దగ్గర తోమాసా, "ఏంటీ పండ్ల వాసన?" అంటూ వచ్చి నా చేతిలోది చూసింది. ఆమె నోరు తెరిచేలోపే నొయేలియా, "అమ్మా, నేను మాత్రలు వేసుకోవట్లేదు. ఫిబ్రవరిలోనే బకెట్లో వేసేశాను" అంది.

తోమాసా ముందు నా చెంప ఛెళ్ళుమనిపించింది. తర్వాత తన నుదురు తనే కొట్టుకుంది. తర్వాత పరుగెత్తుకెళ్ళి పంచదార నీళ్ళు కలుపుకొచ్చింది.

సైకిల్ ఎలా తొక్కుకుంటూ వచ్చానో తెలియదు. నాన్న తన అద్దాల కొట్లోనే ఉన్నాడు. "నొయేలియాని ఆస్పత్రికి తీసుకెళ్ళాలి, నా వల్లే" అన్నాను. అద్దాలు దించేసి బండి తీశాడు.

ఏప్రిల్ 2, ఆదివారం

ఆ పిల్లని ఆస్పత్రిలోనే ఉంచుకున్నారు. సెలైన్ పెట్టారు, నిద్రపోయిందట. మాత్రలు మళ్ళీ మొదలుపెట్టారు. ఇంకెప్పుడూ ఇలా ఒక్కసారిగా ఆపకండి అని డాక్టరు తోమాసా మీద గట్టిగా అరిచాడట.

ఇవాళ ప్రభు బల్ల. నాన్న పళ్ళెం నా ముందుకి తెచ్చాడు. తల అడ్డంగా ఊపాను. నా వరస మొత్తం నన్నే చూసింది. నాన్న పళ్ళెం పట్టుకుని అక్కడే కాసేపు నిలబడి పక్కకి వెళ్ళాడు.

ఏప్రిల్ 16, ఆదివారం

ఏడాది శిక్ష. పాటల్లేవు, బల్ల లేదు, వెనక బల్ల మాత్రం ఉంది. దేవుడి నామాన్ని వేదిక మీద అబద్ధానికి వాడుకున్నానని పాస్టర్ గారు అందరి ముందూ చెప్పారు. అది నిజమే, నాకు కోపం లేదు. నాన్న డీకన్ల కుర్చీలో కూర్చుని తన బూట్లు చూసుకుంటున్నాడు. లేస్తాడేమోనని చూశాను. లేవలేదు. నా కోసం ఆయన ఒక్క మాట మాట్లాడితే ఆయన కోసం ప్రాణమిచ్చేదాన్ని.

ఇంటికొచ్చాక అమ్మ మొక్కజొన్న పిండి కలుపుతూ అడిగింది. "ఆ కరెంటు సిగరెట్టు ఎక్కడుంది?"

"సంచిలో."

"ఇవాళ ఎన్నిసార్లు?"

"నాలుగు."

"రేపు మూడు చెయ్యి." పిండి ముద్ద తిప్పింది. "మీ నాన్ననీ ఇలాగే అడిగేదాన్ని."

ఏప్రిల్ 20, గురువారం

మూడు.

ఏప్రిల్ 24, సోమవారం

ఐదు. అమ్మ తిట్టలేదు. "రేపు?" అంది, అంతే.

ఏప్రిల్ 27, గురువారం

నొయేలియా వచ్చింది. గురువారం మా ఊళ్ళో ఇంటింటా చేసుకునే పాచెలు, ఆకుల్లో చుట్టి ఉడికించిన బంగాళాదుంప ముద్దలు, వాళ్ళమ్మ చేసినవి తెచ్చింది. తోమాసా నాతో ఇంకా మాట్లాడదు, కానీ నాలుగు పంపింది. మొహంలో కాస్త కళ వచ్చింది. బస్సులో రెండు స్టాపుల దాకా వెళ్ళగలుగుతోందట.

"పాస్టర్ గారు నన్ను సాక్ష్యం చెప్పమన్నారక్కా. వచ్చే నెల మొదటి ఆదివారం."

"ఏమని?"

"దాచిన పాపం బయటపడగానే బిడ్డకి విడుదల కలిగింది అని. పాపం నీది, విడుదల నాది."

"మరి మాత్రలు?"

"ఆ వివరాలు అక్కర్లేదన్నారు."

ఇంకో పాచె ఆకు విప్పింది.

"నువ్వేమంటావక్కా?"

"నన్నడక్కు. నా మాట విని ఒకసారి చావు దాకా వెళ్ళొచ్చావు."

నవ్వింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. నాకు నవ్వు రాలేదు. మళ్ళీ ఇంకెవరో పిల్ల కింద కూర్చుని వింటుంది. మళ్ళీ ఇంటికెళ్ళి ఏదో పారేస్తుంది.

మే 6, శనివారం

రేపే. చెప్పేది అది, భయం నాకు.

మే 7, ఆదివారం

పొద్దున ఒకసారి పీల్చి వెళ్ళాను. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

వెనక బల్ల మీద నుంచి వేదిక చిన్నగా కనిపిస్తుంది. నొయేలియాకి మైకు ఎత్తు ఎక్కువైంది, పాస్టర్ గారు వంచి ఇచ్చారు. హాలు నిండా జనం, సాల్కాహా వాళ్ళు కూడా వచ్చారు. ప్రభు బల్ల ఆదివారం కాబట్టి డీకన్లు ముందు నిలబడి ఉన్నారు. నాన్న చేతుల్లో రొట్టె పళ్ళెం.

"నాకు చాలా భయం వేసేది" అంది. "బస్సు ఎక్కలేకపోయేదాన్ని. ఇప్పుడు రెండు స్టాపులు వెళ్తున్నాను."

"స్తోత్రం!" అంది హాలు.

"ఎలాగంటే, మాత్రలు వేసుకుంటున్నాను. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. మధ్యలో దేవుడి కోసమని మానేశాను. అప్పుడు చచ్చిపోయేదాన్ని. ఇప్పుడు మాత్ర వేసుకుని ప్రార్థన చేసుకుంటున్నాను. భయం ఇంకా పోలేదు. తగ్గింది. నాకు నిజం చెప్పింది వెనకాల కూర్చున్న కెయిలా అక్క. అంతే."

ఎవరూ స్తోత్రం అనలేదు. ఎక్కడ అనాలో ఎవరికీ తెలియలేదు. ఫ్యాన్ల చప్పుడు వినిపిస్తోంది. ఆ పిల్ల మైకు ముందు ఒంటరిగా నిలబడి ఉంది, చెవులు ఎర్రబడిపోయాయి. ఇదిగో ఇప్పుడు దీన్నీ తెచ్చి నా పక్కన కూర్చోబెడతారు అనుకున్నాను. పాస్టర్ గారు మైకు కోసం చెయ్యి చాపారు.

"ఆమెన్" అన్నారెవరో గట్టిగా.

నాన్న.

అందరూ అటు తిరిగారు. నాన్న పళ్ళెం తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాడు. అద్దాలు కోసే ఆ చేతులు వణకడం వెనక బల్ల దాకా కనిపించింది. ఆడవాళ్ళ వైపు కూర్చున్న అమ్మ వెన్ను నిటారు చేసుకుంది.

"ఈ అమ్మాయికి రోజుకి రెండు" అన్నాడు నాన్న. "నాకు వారానికి ఒకటి. మంగళవారం."

పాస్టర్ గారికి అర్థం కాలేదు. నవ్వబోయి ఆగి, "మంగళవారం ఏంటి బ్రదర్?" అన్నారు.

నాన్న చెప్పాడు.